పిలుపు రాని విజేతలు

ఫుట్‌బాల్ అనగానే మన శ్రోతలకు కాలితో తన్నెడి బంతియాట స్ఫురించును. నేడు మేము ప్రస్తావించునది అమెరికావారి ఫుట్‌బాల్. కోడిగుడ్డు ఆకారపు బంతిని చంకనిడుకొని, ఎదిరిపక్షమువారిని తప్పించుకొని గీత దాటవలెను. పేరు పాదముదే కాని, పని యంతయు భుజములదే! శరదృతువున గెలుపొందిన కళాశాల జట్లను నూతన సంవత్సర దినమునకు అటునిటు జరుగు ‘బౌల్’ పోటీలకు పిలుచుట ఆ దేశమున ఆచారము. ఆ పిలుపుతో కీర్తియు, ధనమును కూడ వచ్చును.

1951లో శాన్ ఫ్రాన్సిస్కో విశ్వవిద్యాలయపు జట్టు తొమ్మిది ఆటలాడి తొమ్మిదియు గెలిచెను. అది జెసూట్ మతగురువుల చిన్న విద్యాసంస్థ. శిక్షకుడు జో కుహరిక్. ఆలీ మాట్సన్ అను నల్లజాతి యువకుడు ఆ యేడు బంతితో 1,566 గజములు పరుగెత్తి దేశమందలి కళాశాలల ఆటగాండ్రలో ప్రథముడయ్యెను. న్యూయార్కులో ఫోర్డామ్ జట్టుపై ఆడిననాడు, ఎదిరివారు తన్ని పంపిన బంతిని అందుకొని రెండుమారులు ఇంచుమించు మైదానమంతయు పరుగెత్తి గీత దాటెను. ఆ ఆట 32–26తో గెలిచిరి. ఎదిరివారి దాడిని అడ్డగించు వరుసలో బర్ల్ టోలర్ కలడు; అతడును నల్లజాతివాడే. వారి పక్కన రెండవ ప్రపంచయుద్ధమున యూరపులో పోరాడి వచ్చిన జీనో మార్చెట్టీ వంటి తెల్లవారు ఆడిరి. కడపటి ఆటలో లయోలా జట్టును 20–2తో ఓడించిరి.

అమెరికా దక్షిణ రాష్ట్రములలో బడులలోను, బస్సులలోను నల్లవారిని వేరుచేసిన కాలమది. అచ్చటి బౌల్ నిర్వాహకులు నల్లవారున్న జట్టును పిలువరాదని తలచిరన్న సంగతిని శాన్ ఫ్రాన్సిస్కో రేడియో వ్యాఖ్యాత యొకరు బయటపెట్టెను. ఆ యిరువురిని విడిచివచ్చినచో మయామీ నగరపు ఆరంజ్ బౌల్‌లో ఆడవచ్చునని జట్టునకు తెలియవచ్చెను. ఆటగాండ్రు వలదనిరి. అందు చర్చకే తావు లేకపోయెనని వారు ముదిమిలో చెప్పుకొనెడివారు. 1952 జనవరి 1న ఆరంజ్ బౌల్‌లో జార్జియా టెక్, బేలర్ జట్లు ఆడెను.

వారు వదులుకొన్నది ఒక్క ఆట మాత్రమేనా? విశ్వవిద్యాలయమునకు ఫుట్‌బాల్ అప్పటికే నష్టపు బేరము. బౌల్ సొమ్ము ఆ లోటును కొంతయైన పూడ్చియుండెడిది. సీజను ముగియగనే జట్టునే ఎత్తివేసిరి. లెక్కలు చూచుకొనవలసిన పెద్దలను తప్పుపట్టుటకు మాకు నోరు రాదు. అయినను ఓటమి నెరుగని జట్టు మరుసటి యేట లేనేలేదన్నది విడ్డూరమే.

ఆటగాండ్రు మాత్రము మరుగునపడలేదు. ఆ 1952లోనే మాట్సన్ హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో పరుగుపందెములందు రజత, కాంస్య పతకములు గడించెను. అతడు, మార్చెట్టీ, బాబ్ సెయింట్ క్లేర్ వృత్తి ఫుట్‌బాల్ కీర్తిమందిరమున చోటు సంపాదించిరి. జట్టు వార్తలను పత్రికలకు అందించుచుండిన పీట్ రోజెల్ 1960లో జాతీయ ఫుట్‌బాల్ లీగునకు అధిపతి యయ్యెను. మోకాలి గాయముతో టోలర్ ఆట ఆగిపోయెను. అతడు ఉపాధ్యాయుడై, ప్రధానోపాధ్యాయుడై, 1965లో ఆ లీగులో మొదటి నల్లజాతి ఆట న్యాయనిర్ణేతగా మైదానమున నిలిచెను.

2006లో విశ్వవిద్యాలయము ఆనాటి జట్టువారికి గౌరవ డాక్టరేటులిచ్చెను. అప్పటికి మాట్సన్, టోలర్ ఇరువురును జీవించియుండిరి.