సీమ పేరు, జట్టు పేరు

1800లో నిజాము కుంఫిణీకి అప్పగించిన మన జిల్లాలకు దత్తమండలమని పేరు పడింది. ఇచ్చేసిన సొత్తన్న ఆ మాట మనవారికి ముల్లై గుచ్చుకొంది. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావుగారు ‘రాయలసీమ’ అన్నారు. ఆ పేరు నిలిచింది.

2022లో ఆంధ్ర ప్రీమియర్ లీగు మొదలైనప్పుడు ఆ పేరు ఒక క్రికెట్ జట్టుకెక్కింది: రాయలసీమ కింగ్స్. రాయలంటేనే రాజులు కదా, మళ్ళీ కింగ్స్ దేనికని నాలోని తెలుగు పండితుడు పునరుక్తిదోషం పట్టాడు. 2023లో ఆ జట్టే విజేత కాగా, దోషం మరచి చప్పట్లు కొట్టినవాడూ అతడే.

2025 నాటికి పాత పేరు పోయి, రాయల్స్ ఆఫ్ రాయలసీమ, తుంగభద్రా వారియర్స్ వచ్చాయి. పునరుక్తి మాత్రం పోలేదు! జట్టు పేరు వేలంలో దొరుకుతుంది, మారుతుంది. సీమ పేరు అలా దొరికింది కాదు. అవమానాన్ని తుడిచి మనం పెట్టుకొన్నది. పిల్లలకు స్కోరుతోపాటు ఈ సంగతీ చెబుదాం.