రోమింగ్

ముంబైకి పనికిపోయిన పాలమూరు కొడుకులు "అమ్మా, రోమింగ్ పడుతది, జల్ది చెప్పు" అనేవాళ్లు. అట్లా ఇంగ్లీషు రాని ఇళ్లల్లోకీ ఈ మాట చేరింది. దీని అర్థం తిరగడం; రోమ్ యాత్రల నుంచి పుట్టిందన్నది జనం అల్లుకున్న కథే. ఫోన్‌లో మాత్రం అది పూచీ: పరాయి నెట్‌వర్క్ మన సిమ్ సంగతి సొంత నెట్‌వర్క్‌నే అడిగి దారిస్తుంది.

యూనివర్సిటీల వైఫైలో ఈ పద్ధతి పేరు ‘ఎడ్యురోమ్’. 2002లో నెదర్లాండ్స్‌లో ఆలోచన మొలిచింది. మన దేశంలో దీన్ని ఎర్నెట్ సంస్థ నడుపుతోంది. యూజర్‌నేమ్ చివరి సంస్థ పేరు చూసి గుర్తింపు సరిచూసే రేడియస్ సర్వర్ అక్కడికే కబురంపుతుంది. ఎవరైనా ఫోన్‌లో దీన్ని అమర్చేటప్పుడు సొంత సంస్థ సర్టిఫికెట్‌ను సరిచూసే ఏర్పాటు తప్పక పెట్టుకోవాలి. లేకుంటే అదే పేరుతో వెలిసిన దొంగ వైఫైకి పాస్‌వర్డ్ చిక్కవచ్చు.