పని మానక పట్టభద్రులగుట

చీడికాడ వంటి గ్రామములలో పసులకాపునకో కూలికో బడి మానిన బాలునకు, పెద్దవాడైన పిదప పట్టభద్రుడగుటకు రెండడ్డులుండెడివి: జీవనము విడువజాలడు, పాఠశాలాపత్రము చూపజాలడు.

మొదటి యడ్డును తొలగించుటకు లండను విశ్వవిద్యాలయము 1858లోనే కళాశాలకు రానివారిని సైతము పట్టపరీక్షలకు అనుమతించెను. మన విశాఖపట్టణమందలి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1972లో తపాలామూలకమైన విద్యకు శాఖ నేర్పరచెను.

రెండవది తొలగుటకు 1982 వరకు వేచియుండవలసి వచ్చెను. ఆ సంవత్సరమున హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసెను. భారతదేశమున నిట్టివానిలో నిదియే మొదటిది. ఆచార్య జి. రాంరెడ్డిగారు ప్రథమోపకులపతులు. పూర్వపత్రములు లేనివారికి అర్హతపరీక్ష యొకటి పెట్టి, నెగ్గినవారిని పట్టతరగతిలో చేర్చుకొనిరి. ముద్రితపాఠములు ఇంటికి వచ్చెడివి. సందేహములు అధ్యయనకేంద్రములలో తీరెడివి. 1991లో దానికి డాక్టరు అంబేద్కరుగారి నామమిడిరి.

దీనిని దయాదానమని కొందరు చులకన చేయుదురు. అది పొరపాటు. ప్రవేశమునకు పత్రమడుగలేదు గాని, పట్టమునకు పరీక్ష తప్పలేదు. “ఎచ్చట చదివితివి?” అనుటకు మారుగా “ఏమి నేర్చితివి?” అని యడిగిరి.

విద్యార్థివేతనము లేర్పరచు సంఘసోదరులు, పగలు పనిచేసి రాత్రి దీపము ముందు గూర్చుండు నడివయసు విద్యార్థిని సైతము తలంతురు గాక. వాని పరీక్షాశుల్కము వంటి స్వల్పవ్యయము ఒక కుటుంబమునకే అక్షరదానమగును.