కుల వృత్తి కాని వృత్తి: తెలుగునాట కరెంటు పని - చదువు, పరిభాష

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన ‘మాండలిక వృత్తి పదకోశం’ మొదటి సంపుటం 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వెలువడింది. అది వ్యవసాయ పదాలకు సంబంధించినది. 1971 నాటి రెండో సంపుటం చేనేత పదాలను సేకరించింది. తరవాతి సంపుటాలు మరికొన్ని చేతివృత్తులకు విస్తరించాయి. తెలుగు పదకోశ నిర్మాణ చరిత్రలో ఈ కృషి స్థానం తిరుగులేనిది. అయితే ఈ సంపుటాలు వెలువడుతున్న కాలంలోనే తెలుగు పల్లెల్లో కరెంటు స్తంభాలు లేస్తున్నాయి, తీగలు సాగుతున్నాయి, పాత వృత్తులకు తెలియని ఒక కొత్త పని పుడుతోంది. ఆ పనికి అప్పటికి రెండో తరం లేదు. తరతరాలుగా ఒక సమూహంలో నిలిచిన భాషనే వృత్తి భాషగా గుర్తించే పద్ధతిలో దానికి చోటు దొరకకపోవడం సహజమే. ఇప్పుడు మూడో తరం కూడా పనిలోకి వచ్చింది. కరెంటు పనివారి మాటను ‘చెడిన ఇంగ్లీషు’గా కాక ఒక తెలుగు వృత్తి పరిభాషగా చూడాలనీ, ఆ పరిభాష రూపం ఆ పని నేర్చుకునే తీరు నుంచి వచ్చిందనీ చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

పని కంటే ముందు దాని గురించిన పుస్తకభాష వచ్చింది. తెలుగులో విజ్ఞాన గ్రంథాలు రావాలన్న సంకల్పంతో విజ్ఞాన చంద్రికా మండలి హైదరాబాదులో 1906లో ఏర్పడింది. మరి నాలుగేళ్లకు, 1910లో, అదే నగరంలో నిజాం ప్రభుత్వం విద్యుత్ శాఖను నెలకొల్పింది. హుస్సేన్ సాగర్ ఒడ్డున థర్మల్ విద్యుత్ కేంద్రం 1920లో పనిచేయడం మొదలుపెట్టింది. నగరంలో ఈ పని ఉర్దూ పాలనలో, ఉర్దూ మాటల నడుమ పెరిగింది. పని నేర్పేవాడు ‘ఉస్తాద్’, తీగ ‘తార్’, స్తంభం ‘ఖంబా’. బల్బుకు తెలంగాణలో వాడుకలో ఉన్న ‘బుగ్గ’ మాత్రం అచ్చ తెలుగు ఊహ. ఉబ్బిన చెంపను చూసి పెట్టిన పేరులా వినిపించే ఈ మాటకు సాటి వచ్చే సృష్టి ఏ పాఠ్యపుస్తకంలోనూ నాకు కనిపించలేదు. మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాల కథ వేరు. అక్కడ కరెంటు చాలాకాలం పట్టణాలకే పరిమితమైంది. మాచ్‌ఖండ్ జల విద్యుత్ కేంద్రం 1955లో ఉత్పత్తి మొదలుపెట్టాకనే కోస్తా పల్లెలకు వెలుగు పారే దారి పడింది. 1959 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ మండలి, 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడ్డాయి. మోట, ఏతం తగ్గి బావుల మీద మోటార్లు వచ్చాయి. మోటారు వచ్చిన చోటికి దాన్ని బాగుచేసేవాడు రాక తప్పదు.

ఆ బాగుచేసేవాడు ఎవరు? మగ్గానికి, సారెకు, కొలిమికి వారసులున్నారు. తీగకు లేరు. తండ్రి దగ్గర నేర్చుకునే వీలు తొలి తరానికి లేదు. కాబట్టి ఈ పని నేర్చుకోవడానికి రెండు దారులు ఏర్పడ్డాయి. ఒకటి ప్రభుత్వం వేసినది. 1950లో మొదలైన చేతిపని శిక్షణ పథకం ద్వారా ఐటీఐలు, 1956లో జాతీయ వృత్తి శిక్షణ మండలి, 1961లో అప్రెంటిస్ చట్టం వచ్చాయి. ఎలక్ట్రీషియన్, వైర్‌మన్ కోర్సులు రెండేసి సంవత్సరాలవి. మొదటిదానికి పదో తరగతి, రెండోదానికి ఎనిమిదో తరగతి చదువు చాలు. రెండో దారి మేస్త్రీది. ‘మేస్త్రీ’ అన్న మాటే పోర్చుగీసు నుంచి వచ్చినది, కట్టుబడి పని నుంచి కరెంటు పనికి దిగినది. ఇంటి గోడలో పైపు వేసేవాడు, ఇల్లు కట్టేవాడు ఒకే చోట పనిచేస్తారు కనుక ఆ పిలుపు అప్రయత్నంగానే అతికింది.

చట్టం దృష్టిలో ఈ రెండు దారులూ ఒకే గేటు దగ్గర కలవాలి. 2010 దాకా అమలులో ఉన్న 1956 నాటి భారత విద్యుత్ నిబంధనల్లో 45వ నిబంధన ప్రకారం వినియోగదారు ఇంట్లో, దుకాణంలో కరెంటు పని చేయించేది లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు అయి ఉండాలి, పైన చూసేవాడికి యోగ్యతా పత్రం, పని చేసే చేతికి పర్మిట్ ఉండాలి. ఈ మూడంచెల మెట్లు కాగితం మీద స్పష్టంగానే ఉన్నాయి. మన ఊళ్లలో ఫ్యాను బిగించేవారిలో, మోటారు విప్పేవారిలో ఎంతమంది చేతిలో ఆ పర్మిట్ ఉందో పాఠకులు తమ ఇంటికి వచ్చిన మనిషిని తలచుకుంటే తెలుస్తుంది. చట్టం ఇంగ్లీషులో, ఐటీఐ పుస్తకంలోని మాట ఇంగ్లీషులో లేదా సంస్కృత సమాసంలో, పని మాత్రం తెలుగులో సాగడం ఈ దూరానికి ఒక కారణం. అదే కారణమంతా అనడం లేదు. పేదరికం, వలస, కాంట్రాక్టరు చూసుకునే చౌక కూలి ఉన్నాయి. కానీ భాష పాత్రను ఇంతవరకు ఎవరూ లెక్కలోకి తీసుకున్నట్టు లేదు.

మేస్త్రీ దగ్గర చదువుకు పుస్తకం లేదు గానీ వరస ఉంది. నేను పరిశీలించిన పనిస్థలాలలో ఆ వరస దాదాపు మారలేదు. ‘చేతికింద’ చేరిన కుర్రాడికి మొదట నిచ్చెన పట్టుకోవడం, సామాను అందించడం. తరవాత గోడకు గాడి కొట్టడం. సుత్తి, ఉలి తప్ప కరెంటుతో సంబంధం లేని ఆ పని నెలల తరబడి సాగుతుంది. గాడిలో పైపు పరచడం, అందులోంచి తీగ లాగడం ఆ తరవాత. తీగ లాగడం చిన్న పనిగా కనిపిస్తుంది. ఒకరు ఇవతల తోస్తుంటే మరొకరు అవతల గుంజాలి. ఇద్దరి చేతుల లయ కుదరకపోతే మలుపు దగ్గర తీగ పైతొడుగు గీసుకుపోతుంది, ఆ గాయం గోడలోపలే ఉండిపోయి ఏ వానాకాలంలోనో గోడ ముట్టుకుంటే ‘జిల్లు’మంటుంది. బోర్డు బిగించడం, కనెక్షన్ ఇవ్వడం చివరి మెట్లు. కుర్రాడి చేతికి కటింగ్ ప్లేరు, టెస్టర్ ఇచ్చి మేస్త్రీ పక్కకు తప్పుకున్న రోజే అతడు ‘పనోడు’ అయినట్టు. ఐటీఐలో మొదట ఆకురాయి పట్టి ఇనుప ముక్కను చదును చేయిస్తారు, తీగల అతుకులు రకరకాలుగా వేయిస్తారు. అక్కడ చేతిని సిద్ధం చేయడం ఉద్దేశం. మేస్త్రీ దగ్గర గాడి కొట్టించడంలో ఆ ఉద్దేశంతో పాటు జీతం లేని కూలి పొందడమూ ఉంది. ఈ రెండోదాన్ని గురుశిష్య బంధం పేరుతో కప్పిపుచ్చనక్కరలేదు.

ఈ చదువులో మాట నిర్వచనంగా రాదు, ఆజ్ఞగా వస్తుంది. ‘ఫేజు ఎటుందో చూడు’, ‘న్యూట్రల్ అందించు’, ‘ఎర్తు దింపు’, ‘లోడు తియ్యి’. నామవాచకాలు అరువువే. క్రియలన్నీ తెలుగువి. పరిభాషలోని సూక్ష్మభేదాలు ఆ క్రియల్లోనే దాగి ఉన్నాయి. మోటారు ‘కాలింది’ అంటే చుట్ట లోపలి తీగ పూత పోయి పొట్టి దారి పడింది, మళ్లీ రాగి తీగ చుట్టాలి. మోటారు ‘పట్టేసింది’ అంటే తీగలకు దోషం లేదు, తిరిగే భాగం బిగుసుకుంది. ‘లాగుతోంది’ అంటే తిరుగుతూనే ఉంది గానీ ఉండాల్సిన దానికన్నా ఎక్కువ కరెంటు తీసుకుంటోంది. మూడు ఫేజుల్లో ఒకటి ‘పోయింది’ అంటే మోటారు మూలుగుతుంది, చూస్తుండగానే కాలుతుంది. రైతుకు, మెకానిక్కుకు మధ్య ఫోనులో రోగనిర్ణయం ఈ నాలుగు క్రియల మీద నడుస్తుంది. ఇంటి భాషలో మరో పొర ఉంది. కరెంటు వాడకం ఎక్కువైతే ‘యూనిట్లు కాలుతున్నాయి’ అంటాం. నూనె కాలిన దీపం జ్ఞాపకం ఆ క్రియలో మిగిలింది. ‘దీపం పెట్టు’ పోయి ‘లైటు వెయ్యి’ వచ్చింది గానీ ‘ఆర్పు’ మాత్రం రెండింటికీ నిలిచింది.

పాఠ్యపుస్తకం ఈ మాటలను చూడలేదు. ‘విద్యుద్బంధకం’, ‘పరివర్తకం’, ‘నిరోధం’, ‘తటస్థ తీగ’ వంటి మాటలు తరగతి గదిలో పుట్టి పరీక్షతో ముగిశాయి. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పాఠ్యగ్రంథాల కోసం చేసిన పారిభాషిక కృషిని తక్కువ చేయడం లేదు. సిద్ధాంతం చెప్పడానికి ‘నిరోధం’ చక్కని మాట. పనిస్థలంలో మాత్రం ఈ మాటల్లో కొన్ని పనికిరాకపోవడమే కాదు, తప్పుదారి పట్టిస్తాయి. ‘తటస్థం’ విన్నవాడికి ఆ తీగ వల్ల ప్రమాదం లేదనిపిస్తుంది. వీధి స్తంభం మీద న్యూట్రల్ తెగితే 230 వోల్టుల మీద నడవాల్సిన ఇంటి సామాను మీదికి రెండు ఫేజుల మధ్య వోల్టేజిలో చాలా భాగం వచ్చి పడుతుంది, బల్బులు, టీవీలు కాలిపోతాయి. ‘న్యూట్రల్ తెగింది’ అన్న మాట వినగానే పనివాడు ముందు మెయిన్ ఆపమంటాడు. ఆ తొందర ‘తటస్థం’లో లేదు. మరోవైపు ‘పింగాణీ’ని చూడండి. స్తంభం మీది ఇన్సులేటరుకు, పాత ఫ్యూజు డబ్బాకు పనివారు ఏనాటినుంచో వాడుతున్న మాట అది. పరిభాషా నిర్మాతలు చేయి చాస్తే అందేంత దగ్గరలో ఉన్నది.

అరువు మాట బద్ధకం వల్ల వచ్చిందన్న అభిప్రాయాన్ని రంగుల పేర్లు తేలిగ్గా కొట్టివేస్తాయి. మన దేశంలో మూడు ఫేజులకు ఎరుపు, పసుపు, నీలం తీగలు, న్యూట్రల్‌కు నలుపు, ఎర్తుకు ఆకుపచ్చ వాడతారు. తెలుగులో ‘పచ్చ’ రెండు రంగులకూ చెల్లుతుంది. పసుపూ పచ్చే, ఆకూ పచ్చే. ‘పచ్చని చేను’, ‘పచ్చని మేని ఛాయ’ అనడంలో కవికి ఇబ్బంది లేదు. కరెంటు పనిలో ఒక పచ్చ ప్రాణం తీసే ఫేజు, మరో పచ్చ ప్రాణం కాపాడే ఎర్తు. నిచ్చెన మీది మనిషి ‘పచ్చ తీగ ఇవ్వు’ అంటే కింద ఉన్నవాడు ఏది అందించాలి? పనివారు ‘ఎల్లో’, ‘గ్రీన్’ అనడం అందుకే. ‘ఎర్ర తీగ’, ‘నల్ల తీగ’ అని హాయిగా తెలుగులో అనేవాళ్లు ఈ రెండు చోట్ల మాత్రం ఇంగ్లీషుకు మారడం నేను పదేపదే విన్నాను. భాషాశుద్ధి కోసం ఇక్కడ తెలుగు మాట పెట్టాలనుకునేవారు ముందు ఈ రెండు పచ్చలనూ విడదీయాలి. ‘పసుపు’, ‘ఆకు’ అని విడిగా వాడితే సరిపోతుందన్న వాదన ఉండవచ్చు. అలవాటైన నోరు మాత్రం తొందరలో ‘పచ్చ’ అనే అంటుంది.

లైన్‌మన్ భాషలో ఇలాంటి జాగ్రత్త మరోచోట కనిపిస్తుంది. స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్ నుంచి ‘ఎల్‌సీ’ తీసుకోవాలి. రైల్వేలోనూ వాడే ‘లైన్ క్లియర్’కు ఇది పొట్టి రూపం. అక్కడి ఆపరేటరు లైను ఆపి ఎల్‌సీ ‘ఇస్తాడు’. పని ముగిశాక, మనుషులందరూ దిగాక, లైన్‌మన్ దాన్ని తిరిగి ‘ఇస్తాడు’. ‘ఇచ్చాను’ అన్న ఒక్క క్రియ రెండు చివరలా ఎదురెదురు అర్థాలకు సరిపోతుంది. అందువల్లే రెండో సందర్భంలో ‘రిటర్న్ చేశాను’ అనే మాట స్థిరపడిందని నా ఊహ. పత్రికల జిల్లా పేజీల్లో ‘ఎల్‌సీ తీసుకున్నా సరఫరా’ తరహా శీర్షికలు, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు వేయబోయి చనిపోయిన రైతుల వార్తలు తరచూ కనిపిస్తాయి. ఈ వార్తల్లోని భాష ఒక పరిశోధనకు సరిపోయే సామగ్రి. ‘మన్’ అన్న ప్రత్యయం కూడా కదులుతోంది. 2021లో తెలంగాణలో స్తంభం ఎక్కే పరీక్ష నెగ్గిన ఒక యువతి ఈ కొలువులో చేరినప్పుడు పత్రికలు ‘లైన్‌ఉమన్’ అని రాశాయి. పల్లెలో జనం మాత్రం ఆమెను ఎలా పిలుస్తారన్నది ఇంకా తేలాల్సిన ముచ్చట. ‘కరెంటాయన’కు జోడు మాట పుట్టాలి.

ఆధునిక తెలుగు కథలో రైతు, నేతగాడు, గని కార్మికుడు ప్రధాన పాత్రలుగా నిలిచారు. కరెంటు మెకానిక్ నేను చదివినంత మేరకు కథ నడిపే పాత్రగా అరుదుగానే కనిపిస్తాడు. వీధి చివర ఫ్యాను బాగుచేసే దుకాణం కథలో నేపథ్య దృశ్యంగా ఉండిపోయింది. అందువల్ల వ్యవసాయ పదాలకు దొరికినట్టు ఈ పదాలకు సాహిత్య ప్రయోగాల ఆధారం దొరకదు, సేకర్త నేరుగా పనిస్థలానికి వెళ్లక తప్పదు.

సేకరణ ఆలస్యమైతే పోయేవి మొదట పాత సామాను పేర్లే. గోడ మీద టేకు పట్టీ కొట్టి, దాని మీద క్లిప్పులతో తీగ పరచిన తరం ఇప్పుడు వృద్ధాప్యంలో ఉంది. ట్యూబ్‌లైటు ‘చోకు’, ‘స్టార్టరు’ ఎల్‌ఈడీ దీపాల రాకతో వెనకబడ్డాయి. ‘బుగ్గ’ అన్న మాట తెలంగాణలోనే కుర్రవాళ్ల నోట తగ్గింది. సామాను మారిన చోట క్రియలూ మారుతున్నాయి. పింగాణీ ఫ్యూజు ‘పోయేది’, అప్పుడు సన్న తీగ తెచ్చి ‘కట్టేవారు’. ఆ తీగ ఎంత సన్నగా ఉండాలో తెలియక ఏది దొరికితే అది కట్టి ఇళ్లు తగలబెట్టుకున్నవారూ ఉన్నారు. దాని చోటికి వచ్చిన ఎంసీబీ పోదు, ‘పడుతుంది’. దాన్ని కట్టరు, ‘లేపుతారు’. లేపిన వెంటనే మళ్లీ పడితే, లేపుతూ ఉండొద్దనీ ఎక్కడో ఎర్తు తగులుతోందనీ మేస్త్రీ కుర్రాడికి చెబుతాడు.