'భద్రత' ఎవరిది? - ఉత్తర కెనడా అనుభవం

పొరుగు దేశాలు రెండు కలిసి తమ ఉత్తరపు హద్దును కాపాడుకున్నాయంటే వినడానికి బాగానే ఉంటుంది. కెనడా, అమెరికాల సైనిక సహకారం గురించి రాసిన చరిత్రలు చాలావరకు ఈ ధోరణిలోనే సాగుతాయి. సోవియట్ బాంబర్లు ధ్రువం మీదుగా వస్తాయన్న భయంతో 1955-57 మధ్య అలాస్కా నుంచి బాఫిన్ దీవి దాకా రాడార్ కేంద్రాలను వరుసగా నిలబెట్టారు. డబ్బు అమెరికాది, నేల కెనడాది. ఉమ్మడి వైమానిక రక్షణ వ్యవస్థ 'నోరాడ్'కు సంబంధించిన ఒప్పందం 1958లో కుదిరింది. ఆ నేల మీద తరతరాలుగా బతుకుతున్న ఇన్యూట్ ప్రజల చేయి ఈ సంతకాల్లో ఎక్కడా లేదు.

అసలు కెనడా పాలకులను వేధించిన భయం శత్రువును గురించినది మాత్రమే కాదు, మిత్రుణ్ణి గురించినది కూడా. ఎవరూ లేని దీవుల్లో అమెరికన్ సిబ్బంది స్థిరపడిపోతే ఆ దీవులు ఎవరివి? 1953లో, మళ్లీ 1955లో క్విబెక్ తీరంలోని ఇనుక్జువాక్ నుంచి కొన్ని కుటుంబాలను ఓడలో ఎక్కించి, సుమారు రెండువేల కిలోమీటర్ల ఉత్తరాన రెసల్యూట్, గ్రీజ్ ఫియోర్డ్‌లలో దింపారు. అక్కడ వేట పుష్కలమనీ, నచ్చకపోతే రెండేళ్లకు తిరిగి రావచ్చుననీ చెప్పారు. నెలల తరబడి సూర్యుడు కనబడని రాత్రి వాళ్లెరగనిది. తమను రెండు చోట్లకు విడదీస్తారన్న సంగతి ఓడ ఎక్కిన తర్వాతగాని తెలియలేదు. తిరిగి పంపుతామన్న మాట నిలవలేదు. ఈ తరలింపులో సార్వభౌమత్వపు లెక్క ఉందని రాయల్ కమిషన్ 1994లో తేల్చింది. ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 2010లో.

అలా వెళ్లిన పిల్లల్లో ఒకడు మార్కూసీ పాట్సౌక్. తరువాత విమాన చోదకుడయ్యాడు, రచయిత అయ్యాడు. ఆయన నవల 1970లో ఇంగ్లీషులో పుస్తకంగా వచ్చింది. ఇన్యూట్ రచయిత నవల ఆ భాషలో వెలువడడం అదే మొదలంటారు. పాతకాలపు వేట జీవితం, తన వాళ్లందరినీ పోగొట్టుకున్న యువకుడి కథ. తరలింపు మాట అందులో ఎక్కడా లేదు. దాన్ని బాలల సాహసగాథగా చదివి పక్కన పెట్టడం సులువే. రచయిత బతుకు తెలిసిన పాఠకుడికి మాత్రం ఆ చదువు చాలదు.

స్నేహం ఎంత గాఢమైనా ఆ జలమార్గం ఎవరిదన్న తగవు తెగలేదు. 1969లో 'మన్‌హాటన్' అనే అమెరికన్ చమురు ఓడ కెనడాను అనుమతి అడగకుండానే వాయవ్య మార్గం గుండా సాగింది. 1985లో 'పోలార్ సీ' కూడా అదే చేసింది. 1988 ఒప్పందం ప్రకారం అమెరికా మంచుకోత ఓడలు కెనడా సమ్మతితో వెళ్తాయి. అయినా ఎవరి వాదం వారిదే.

1979 నుంచి ఆర్కిటిక్ ప్రపంచ సగటుకు దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కుతోంది. మంచు తగ్గేకొద్దీ ఓడలకు దారి తెరుచుకుంటోంది. రక్షణ లెక్కలూ పెరుగుతున్నాయి. నోరాడ్ ఆధునికీకరణకు ఇరవై ఏళ్లలో సుమారు 3,860 కోట్ల కెనడా డాలర్లు ఖర్చు చేస్తామని ఆ ప్రభుత్వం 2022లో ప్రకటించింది. పాత రాడార్ కేంద్రాల్లో వదిలేసిన నూనె పీపాలనూ, పీసీబీ విషాలనూ ఎత్తివేసే పనికే 1990ల నుంచి దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది.