కడప బేసిన్: పొరల మధ్య కనిపించని కాలం

సుమారు 44,500 చదరపు కిలోమీటర్ల నెలవంక ఆకారపు కడప బేసిన్‌ను 1872లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ కడప, కర్నూలు అని రెండు శిలా సముదాయాలుగా వర్ణించాడు. ఆ విభజన నేటికీ నిలిచే ఉంది. కానీ ఇప్పటివరకు కట్టిన వయసులను పక్కపక్కన పెట్టి చూస్తే, ఇక్కడ పొరలు పేరుకున్న కాలం కంటే పేరుకోని కాలమే ఎక్కువ కావచ్చు.

అడుగున పాత గ్రానైట్, నైస్ శిలలు. వాటిపై గువ్వలచెరువు క్వార్ట్‌జైట్, ఆపైన వేంపల్లె డోలమైట్. ఈ డోలమైట్‌లో ఉల్లిపాయను నిలువునా కోసినట్టు వంపు తిరిగిన సన్నని గీతలుంటాయి. అవి స్ట్రోమటోలైట్లు: లోతులేని నీటిలో సూక్ష్మజీవులు ఒండ్రును పట్టుకుంటూ పెరిగిన ఆనవాళ్లు. వాటికి వెలుతురు అందాలి. అయినా వేంపల్లె పొరల మందం వెయ్యి మీటర్లు దాటుతుంది. అంటే నీరు లోతెక్కలేదు, పొరలు పడేకొద్దీ అడుగే కుంగుతూ వచ్చింది. నాకు ఈ బేసిన్‌లో అన్నిటికంటే నమ్మదగిన సాక్ష్యం ఇదే.

ఎందుకు కుంగింది? నైరుతి భాగంలో గురుత్వాకర్షణ కాస్త ఎక్కువగా నమోదవుతుంది. కింద బరువైన అగ్నిశిల ఉందని, కుంగుబాటుకు అదే కారణమని ఒక వాదన. అయితే ఆ శిల ఎప్పుడు చేరిందో గురుత్వ కొలతలు చెప్పలేవు.

వయసు విషయంలో పులివెందుల సిల్ గట్టి ఆధారం. వేంపల్లెకు పైనున్న తాడిపత్రి పొరల్లోకి చొరబడి గట్టిపడిన ఈ అగ్నిశిల వయసు సుమారు 188.5 కోట్ల ఏళ్లు. కనుక ఆ పొరలు అంతకంటే పాతవి. ఎంత పాతవో సిల్ చెప్పదు.

బేసిన్ తూర్పు భాగంలో ఉన్న నల్లమల పొరల్లోని జిర్కాన్ ఖనిజ రేణువుల్లో అతి చిన్న వయసు దాదాపు 166 కోట్ల ఏళ్లు. రేణువు పుట్టాకే పొరలో చేరుతుంది కాబట్టి, పొర అంతకంటే కొత్తది. చెలిమ దగ్గర నల్లమల సముదాయంలోని కంభం పొరలను చీల్చుకొచ్చిన లాంప్రాయిట్ అనే అగ్నిశిల సుమారు 140 కోట్ల ఏళ్లది, కాబట్టి ఆ పొరలు దానికంటే పాతవి. ఈ లెక్కన తాడిపత్రి పొరలకూ నల్లమల పొరలకూ మధ్య 20 కోట్ల ఏళ్లకు పైగా ఎడం ఉంది. పైగా నల్లమల పొరలు తూర్పు నుంచి వచ్చిన ఒత్తిడికి మడతలుపడి పడమటికి జరిగినవి. ఇప్పుడున్న చోటే పేరుకున్నాయని అనుకోలేం.

కర్నూలు సముదాయపు అడుగున బనగానపల్లె గులకరాతి పొరలో వజ్రాలు దొరికాయి. అవి సుమారు 110 కోట్ల ఏళ్ల నాటి వజ్రకరూరు కింబర్లైట్ అగ్నిశిలల నుంచే వచ్చి ఉంటే, ఆ పొర, దానిపైనున్న నార్జి సున్నపురాయి, అంటే మన ఇళ్లలో పరిచే నాపరాయి, అంతకంటే కొత్తవి. అయితే వజ్రాలు మరో పాత శిల నుంచీ కొట్టుకొచ్చి ఉండవచ్చు. అందుకే వజ్రాల సాక్ష్యం ఒక్కదానితో కర్నూలు పొరలకు వయసు కట్టడం తొందరపాటే అవుతుంది.