అబ్లేషన్ కాథెటర్: కొనలో జరిగిన మార్పులు

గుండె లయను చెడగొట్టే కణజాలాన్ని కాథెటర్‌తో నిర్వీర్యం చేయడమే అబ్లేషన్. 1982లో షైన్‌మన్, గాలఘర్ బృందాలు వేర్వేరుగా ఈ చికిత్స ఫలితాలను ప్రకటించాయి. అప్పటి కాథెటర్ గుండె సంకేతాలను నమోదు చేయడానికి తయారైనది. దాని గుండా డీఫిబ్రిలేటర్ షాక్ పంపితే కొన వద్ద చిన్న పేలుడు జరిగి, గుండె గోడకు ముప్పు కలిగేది.

తరువాత వచ్చిన రేడియో తరంగ విద్యుత్తు పేలుడు లేకుండా కణజాలాన్ని వేడిచేసింది. అయితే సన్నని కొన త్వరగా వేడెక్కి, దానిపై రక్తం గడ్డకట్టేది. గాయం లోతుగా పడేది కాదు. కొనను 4 మిల్లీమీటర్లకు పెంచగా, ప్రవహించే రక్తమే దానిని చల్లబరిచింది. అటువంటి కాథెటర్‌తో జాక్‌మన్ బృందం 166 మంది రోగులలో 164 మందికి గుండెలోని అదనపు విద్యుత్ మార్గాన్ని తొలగించినట్లు 1991లో వెల్లడించింది. ఆపై కొన రంధ్రాల గుండా సెలైన్ పంపే కాథెటర్లు వచ్చి, మరింత లోతైన గాయం సాధ్యమైంది. కానీ పైభాగం చల్లగా ఉండగానే లోపలి కణజాలం మరిగి, ఆవిరి పేలే ప్రమాదం ఏర్పడింది.

కాబట్టి ఈ చరిత్రను శక్తిని పెంచిన కథగా కాక, వేడిని అదుపు చేసిన కథగా గ్రహించాలి.